ఆపదమొక్కులవాడి గుమ్మంలో చెల్లని టికెట్లు

తిరుమలలో వైకుంఠ ద్వార దర్శనానికి టికెట్లు ఇప్పిస్తామంటూ వాట్సాప్‌లోనూ, టెలిగ్రామ్‌లోనూ, దేవస్థానం పేరు తగిలించుకున్న దొంగ వెబ్‌సైట్లలోనూ డబ్బు తీసుకుంటున్న వారికి,

మీ పేర్లు నాకు తెలియవు. మీకు డబ్బు పంపినవారికీ తెలియవు. వారి దగ్గర ఉన్నది ఒక ఫోన్ నంబరు, దాని పక్కన చిన్న గుండ్రంలో స్వామివారి బొమ్మ. చాలామంది ఆ బొమ్మను చూసే మిమ్మల్ని నమ్మారు. మిమ్మల్ని వెతికి పట్టుకుని మాట్లాడే దారి నాకు లేదు కనుక, చెప్పవలసినది నలుగురి ముందే చెబుతున్నాను.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. 2025 జనవరిలో వారం రోజులు శ్రీవారి సేవకు, అంటే కొండ మీద భక్తులకు స్వచ్ఛందంగా సేవ చేయడానికి, వెళ్లాను. సేవకులకు ఏ పని అప్పగిస్తే ఆ పని చేయాలి. కొందరికి అన్నప్రసాదం వడ్డించడం వస్తుంది, కొందరికి కూరగాయలు తరగడం. నాకు రెండు రోజులు మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం క్యూ మొదట్లో పని పడింది. దారి చూపడం, నీళ్లు ఇవ్వడం, పెద్దవారిని చేయి పట్టుకుని నాలుగడుగులు నడిపించడం. అక్కడ చూసిన ఒక కుటుంబం గురించి మీకు చెప్పాలి. వారి ఊరూ పేర్లూ చెప్పను. ఒక రాత్రంతా రైలులో వచ్చారన్నది మాత్రం చెబుతాను.

ఒక ముసలమ్మ, ఆమె కొడుకు, కోడలు, కోడలి తమ్ముడు, ఆరేళ్ల మనవడు. పిల్లవాడికి అంతకు ముందు ఏడాది గుండెకు ఆపరేషన్ అయిందట. ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయిన రోజున ఆ తల్లి పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు కట్టి, బిడ్డ బతికి బయటపడితే వైకుంఠ ఏకాదశి రోజుల్లో వైకుంఠ ద్వారం గుండా వాడిని తీసుకువెళ్లి హుండీలో వేస్తానని మొక్కుకుంది. బిడ్డ బతికాడు. ముడుపు ఆమె కొంగున ఉంది. నీళ్లు తాగుతూ ఆ మాట నాకు తనే చెప్పింది, అడగకుండానే.

వారి వంతు వచ్చింది. సిబ్బంది టికెట్ కాగితాన్ని స్కానర్ కింద పెట్టారు. కాగితం మీద ముసలమ్మ పేరు స్పష్టంగా అచ్చయి ఉంది, ఆధార్ కార్డులోనూ అదే పేరు. తెర మీద వచ్చిన పేరు మాత్రం ఇంకెవరిదో. ఆ టికెట్ మీద వెళ్లవలసినవారు అంతకు ముందు రోజే దర్శనం చేసుకుని వెళ్లిపోయారు. ఎవరిదో అసలు టికెట్ తీసుకుని, పేర్లూ తేదీ చెరిపి, వీరి పేర్లు అతికించి అమ్మారన్నమాట. ఒకే కాగితాన్ని ఇంకా ఎందరికి అలా అమ్మారో మీకే తెలియాలి. సిబ్బంది విసుక్కోలేదు. రెండుసార్లు స్కాన్ చేసి చూసి, ఇది చెల్లదమ్మా అన్నారు. అప్పుడు ఆమె అడిగిన మాట నాకు ఇంతవరకు మరుపు రాలేదు. “అయితే స్వామి దగ్గర నా పేరు లేదా నాయనా?”

కొడుకు పక్కకు వెళ్లి మీకు ఫోన్ చేశాడు. మొదటిసారి మోగింది. రెండోసారి మోగలేదు. కాసేపటికి స్వామివారి బొమ్మ కూడా కనిపించకుండా పోయింది. ఫిర్యాదు ఇవ్వమని చెబుదామని నేను దగ్గరికి వెళితే అతను చేతులు జోడించాడు. “మా అమ్మకు టికెట్ మూడు వందలే అని చెప్పానండి. మనిషికి రెండున్నర వేలు ఇచ్చానని ఆమె ముందు అనకండి.” నలుగురికి పది వేలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కరలేదు కనుక పిల్లవాడిని వదిలేశారు. ఫిర్యాదు ఊసెత్తితే, అడ్డదారిలో కొన్నది మేమే కదమ్మా, ఏ ముఖం పెట్టుకుని చెబుతాం అన్నాడు.

ఆ ఏడాది వైకుంఠ ద్వారం తెరిచి ఉంచిన పది రోజులూ ఉచిత టోకెనుగానీ టికెట్‌గానీ లేనివారికి దర్శనం లేదని దేవస్థానం ముందే ప్రకటించింది. కొండ మీదికి రావచ్చు, గుడిలోకి వెళ్లడానికి లేదు. ఆ కుటుంబం గుడి ఎదురుగా అఖిలాండం దగ్గర కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, మహాద్వారం వైపు దండం పెట్టుకుని వెళ్లిపోయింది. హుండీ లోపల ఉంటుంది. ముడుపు ఎలా వచ్చిందో అలాగే కొంగున తిరిగి వెళ్లింది.

ఇక్కడ మీరు నాకు జవాబు చెప్పవలసిన విషయం ఒకటి ఉంది. బజారులో పుచ్చు వంకాయ అమ్మినవాడు, వంకాయ లోపల ఎలా ఉందో నాకేం తెలుసు అని తప్పించుకోవచ్చు. మీకు ఆ మాట అనే వీలు లేదు. మీరు అమ్మింది పనికిరాదని మీకు అమ్మే క్షణంలోనే తెలుసు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్ పేరు మీద, వయసు మీద, గుర్తింపు కార్డు సంఖ్య మీద ముడిపడి ఉంటుంది. ఒకరి టికెట్ మరొకరికి చెల్లదు, తేదీ మార్చుకోవడం కుదరదు. ఇది రహస్యం కాదు, టికెట్ మీదే రాసి ఉంటుంది. ఎక్కడ ఏ అక్షరం చెరపాలో తెలిసినవారికి ఆ వాక్యాలు కనిపించకుండా ఉండవు.

కొందరు ఇంకొక అడుగు ముందుకు వేశారు. వృద్ధుల కోటా ఉంది, చంటిపిల్లల తల్లిదండ్రుల కోటా ఉంది, ప్రవాస భారతీయుల కోటా ఉంది, ప్రజాప్రతినిధి సిఫారసు లేఖ మీద బ్రేక్ దర్శనం (ప్రముఖులకు విడిగా ఇచ్చే దర్శనం) ఉంది అని ఆ పది రోజులకే బేరాలు పెట్టారు. 2025 జనవరిలో ఆ ప్రత్యేక దర్శనాలన్నీ ఆ పది రోజులకు రద్దయ్యాయి, సిఫారసు లేఖలు తీసుకోలేదు. అంటే లేని కోటాలో లేని టికెట్ అమ్మారు. అమెరికా నుంచో, గల్ఫ్ నుంచో మూడు వారాల సెలవు మీద వచ్చి, తిరుగు ప్రయాణానికి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకునేవారికి ఆ ప్రవాస కోటా మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో మీరు బాగా ఎరిగి అన్నమాట అది.

చెల్లని కాగితానికి మీరు ధర ఎలా కట్టారు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. కాగితానికి విలువ లేదు. దేవస్థానం ధర మూడు వందలు. రెండున్నర వేలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఫోనులో మీరు అడిగిన ప్రశ్నలను ఆ కొడుకు నాకు వరుసగా చెప్పాడు. ఎంతమంది? రైలు టికెట్లు తీసేశారా? పెద్దవారు ఉన్నారా? మొక్కు ఉందా? అతను అన్నింటికీ నిజమే చెప్పాడు. ఆపరేషన్ సంగతి కూడా చెప్పాడు. ఆ తరువాతే ధర చెప్పారట. మొదట పదిహేను వందలని ఎవరో అన్నారని అతను గుర్తుచేస్తే, అది నిన్నటి ధర అన్నారట. మీరు తూచింది టికెట్‌ను కాదు, ఆ ఇంటి ఆపదను. బిడ్డ గుండె ఎంత బరువో చూసి రేటు కట్టారు.

స్వామికి మన భాషలో ఎన్ని పేర్లు ఉన్నా జనం నోట ఎక్కువగా నిలిచిన పేరు ఆపదమొక్కులవాడు. సుఖంగా ఉన్నప్పుడు గుర్తుకు రాకపోయినా, ఆసుపత్రి వరండాలో, పంట ఎండిన గట్టు మీద, కూతురి పెళ్లి తప్పిపోయిన రాత్రి గుర్తుకు వచ్చేవాడు. ఇంకొక పేరు వడ్డికాసులవాడు. తన పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని మన పెద్దలు చెబుతారు. దేవుడు కూడా అప్పు ఎగ్గొట్టడని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఏముంది? నేను బడిలో ఎన్నోసార్లు చెప్పాను. మీలో కొందరి వయసు నా విద్యార్థుల వయసే అయి ఉంటుంది. ఆ కథ మీరూ వినే ఉంటారు.

ఆ ఆపద ఎంత బలమైనదో చూడాలంటే 2025 జనవరి 8 రాత్రిని తలుచుకోండి. మర్నాడు తెల్లవారుజామున ఇవ్వబోయే ఉచిత టోకెన్ల కోసం తిరుపతిలో జనం ముందు రోజే చేరారు. తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఆ ఆరుగురూ కోరింది డబ్బుతో కొనే దర్శనం కాదు, క్యూలో నిలబడితే చేతికి వచ్చే ఒక చీటీ. ఆ ఏర్పాట్లలో జరిగిన లోపాల గురించి అడగవలసినవారిని వేరే అడగాలి, ఎందరో అడిగారు కూడా. మీతో నేను అనేది ఇంకొకటి. ఆ చావుల వార్త చదివిన తరువాత కూడా, జనం అంత తపిస్తున్నారని కళ్లారా చూసిన తరువాత కూడా, మీ ప్రకటనలు ఆగలేదు. క్యూలలో తొక్కిసలాట జరుగుతోంది, మా దగ్గర కొంటే సురక్షితంగా వెళ్లవచ్చు అని ఆ రోజుల్లోనే వచ్చిన సందేశం నాకు మరొక భక్తురాలు చూపించింది. తన తల్లికి ఏమవుతుందోనన్న భయంతోనే ఆమె కొన్నదట. ఆమె టికెట్ కూడా చెల్లలేదు.

మీరు ఏమంటారో నాకు తెలుసు. ఇదివరకే ఒకరు నా ముఖాన అన్నారు, మా వీధిలోనే టికెట్లు ఇప్పిస్తానని తిరిగే అబ్బాయి. వాళ్లే అడిగి మరీ కొంటున్నారు, మేము ఎవరినీ బలవంతం చేయలేదు అన్నాడు. నిజమే, మెడ మీద కత్తి పెట్టలేదు. కానీ అడిగినది దర్శనం, ఇచ్చినది కాగితం. దాహమని చేయి చాపినవాడికి ఉప్పునీళ్లు పోసి, అతనే అడిగాడు అంటే ఒప్పుకుంటామా?

అతను రెండో మాట అన్నాడు, అది మొదటిదానికంటే బరువైనది. దేవస్థానం మాత్రం డబ్బుకు దర్శనం ఇవ్వడం లేదా? శ్రీవాణి ట్రస్టుకు పది వేలు విరాళం ఇచ్చి, ఐదు వందల టికెట్ కొంటే బ్రేక్ దర్శనం ఉంది కదా, మేము చేసింది ఏమిటి అని. నా మనసులో ఉన్నది దాచను. దేవుడి ముందు నిలబడడానికి డబ్బును బట్టి దారులు ఉండడం నాకు ఇష్టం లేదు. ఈ మాట నేను సేవ చేసిన చోట కూడా అన్నాను. కానీ ఆ పది వేలకు రసీదు ఉంది, ఆ డబ్బు ఊళ్లలో గుళ్ల కోసమని చెప్పి తీసుకుంటున్నారు, ఆ టికెట్ చూపిస్తే ద్వారం తెరుచుకుంటుంది. ఆ పద్ధతి తప్పు అనుకున్నవారు దాని మీద పోరాడవచ్చు. దాన్ని అడ్డుపెట్టుకుని ముసలమ్మను చెల్లని కాగితంతో కొండ మీదికి పంపడానికి మాత్రం వీలు లేదు.

మూడో మాట అతను అనలేదు, కానీ మీలో చాలామంది లోలోపల అనుకుంటారు. కొన్నవాళ్లు కూడా వరుస తప్పించి వెళ్లాలనుకున్నవారే కదా, ఇద్దరం సమానం అని. ఆ కొడుకు సిగ్గుపడింది కూడా ఇందుకే. అతను చేసింది ఒప్పు అని నేను అనను. డిసెంబరులో ఆన్‌లైన్ కోటా తెరిచిన రోజున ఇంట్లో రెండు ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడట. నిమిషాల్లో అన్నీ అయిపోయాయి. అయినా అతను ఇంకొకరి టికెట్ లాక్కోవాలనుకోలేదు. ఎవరో మానుకున్న టికెట్లు ఉన్నాయని మీరు చెబితే, అది తనకు దొరికిన అదృష్టం అనుకున్నాడు. తొందరపడినవాడిదీ, ఆ తొందరను కనిపెట్టి వల పన్నినవాడిదీ ఒకే తప్పు అని ఏ పంచాయతీలో తీర్పు చెబుతారు?

ఆ సిగ్గే మీకు కాపలా. డబ్బు పోయిందన్న బాధ ఉన్నవాడు పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కుతాడు. అడ్డదారిలో దేవుడి దగ్గరికి పోబోయాను, దేవుడే శిక్షించాడు అనుకున్నవాడు ఇంటికి వెళ్లి నోరు మూసుకుంటాడు. తన భక్తినే తప్పుపట్టుకుంటాడు. మీరు పది వేలు తీసుకోవడంతో ఆగలేదు. నా పేరు స్వామి దగ్గర లేదేమో అన్న అనుమానాన్ని ఒక ముసలి ప్రాణంలో పెట్టారు. దాన్ని మీరు ఏ ఖాతాలోంచి తిరిగి చెల్లిస్తారు?

పెద్ద ముఠాల సంగతి పోలీసులు, విజిలెన్స్ వారు చూసుకుంటారు. దేవస్థానం నకిలీ వెబ్‌సైట్ల మీద పలుమార్లు కేసులు పెట్టించింది. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ మోసానికి, ఐటీ చట్టం 66డి కంప్యూటర్ ద్వారా వేరొకరిలా నటించి చేసే మోసానికి శిక్షలు చెబుతున్నాయి. వాటిని చూపించి బెదిరించడం నా ఉద్దేశం కాదు. నేను ఎక్కువగా ఆలోచిస్తున్నది మధ్యలో ఉన్నవారి గురించి. పైనుంచి వచ్చిన కాగితాన్ని కిందికి పంపి, మనిషికి రెండు వందలు కమిషన్ తీసుకుని, అసలుదో నకిలీదో నాకు తెలియదు అనుకునేవారు. కాలేజీ ఫీజు కోసం చేస్తున్నవారు ఉన్నారు. ట్రావెల్స్ ఆఫీసులో కూర్చుని, బస్సుతో పాటు దర్శనం కూడా కలిపి చెప్పమని యజమాని అంటే చెబుతున్నవారు ఉన్నారు. మీ ఊరివారు, మీ చుట్టాలు, మీ అత్తగారి తరఫువారు మిమ్మల్ని నమ్మి కొంటున్నారు. మోసం ముఠాదే కావచ్చు, ఆ ముఠాకు నమ్మకాన్ని అప్పిచ్చింది మీరు. తెలియదు అన్న మాట ఒక్కసారికి చెల్లుతుంది. మొదటి కుటుంబం గుమ్మం దగ్గర నుంచి ఏడుస్తూ ఫోన్ చేసిన తరువాత రెండో కుటుంబానికి అమ్మితే, అది తెలియకపోవడం కాదు.

మా వీధి అబ్బాయి ఈ మాట దగ్గరే తల దించుకున్నాడు. తనకు అలాంటి ఫోన్లు మూడు వచ్చాయని చెప్పాడు. డబ్బు అప్పటికే పైకి పంపేశాను, నేనేం చేయను అన్నాడు. నీ కమిషన్ నీ దగ్గరే ఉంది కదా, ముందు అది తిరిగి ఇవ్వు అన్నాను. ఇద్దరికి ఇచ్చాడు. మూడోవారు ఫోన్ ఎత్తలేదట.

ఈ ఉత్తరం మోసపోయినవారి కంట పడితే వారికి కూడా ఒక మాట. సిగ్గుపడవలసింది మీరు కాదు. సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు పంపిన కొద్ది గంటల్లోనే చేస్తే అవతలి ఖాతాలో దాన్ని నిలిపివేసే అవకాశం ఉంటుంది. దేవస్థానం 155257 నంబరుకు చెప్పండి. గుమ్మం దగ్గర టికెట్ పట్టుబడితే, ఎక్కడ కొన్నారో దాచకుండా చెప్పండి. మీరు చెప్పే ఆ ఒక్క నంబరు వల్ల ఇంకొక కుటుంబం రైలు ఎక్కకుండా ఆగవచ్చు.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. వైకుంఠ ఏకాదశి ప్రతి ధనుర్మాసంలోనూ వస్తుంది. 2020 డిసెంబరు నుంచి ఆ ద్వారం రెండు రోజులకు బదులు పది రోజులు తెరుస్తున్నారు కనుక, ఆశపడేవారూ పెరిగారు, మీ బేరాలూ పెరిగాయి. తీసుకున్న డబ్బంతా రేపే తిరిగి ఇవ్వండి అని అడిగితే మీలో ఎందరు ఇస్తారో నాకు నమ్మకం లేదు. దానికంటే చిన్న పని ఒకటి అడుగుతున్నాను. డబ్బు ఖర్చు కాదు, పేరు బయటపడదు.

మీరు అమ్మిన చెల్లని కాగితాలు పట్టుకుని ఇంకా ఇల్లు కదలనివారు ఉన్నారు. సంచులు సర్దుకుంటున్నవారు, పెద్దవారికి మందుల చీటీలు రాసుకుంటున్నవారు, ముడుపు ఎక్కడ పెట్టామో మరొకసారి చూసుకుంటున్నవారు. వారి నంబర్లు మీ ఫోనులో ఉన్నాయి. ఈ రాత్రి వారికి ఒక్క వాక్యం పంపండి. ఆ టికెట్ చెల్లదు, దాన్ని నమ్మి బయలుదేరకండి.

ఇట్లు,
ఆ ముసలమ్మకు మంచినీళ్లు అందించిన ఒక సేవకురాలు